పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి – దప్పళం వండి పెట్టండి

ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపే రోజున కుటుంబ సభ్యులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏం పెట్టమంటారండీ? ఏం పెట్టకూడదండీ?" రెండవ ప్రశ్నకు జవాబు వారి దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. గుమ్మడికాయ వద్దు, వంకాయ వద్దు, పప్పు తింటే కుట్లు చీము పడతాయి! ఇలా ఒక్కొక్కటే తీసివేయగా చివరకు రోగి పళ్లెంలో ఇడ్లీ, రొట్టె, చారు అన్నమే మిగులుతాయి. పది రోజులు ఇలా గడిస్తే నీరసం తగ్గదు సరికదా, గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది.

చీము పట్టేది గాయంలో చేరిన సూక్ష్మక్రిముల వలన. చక్కెర వ్యాధి అదుపులో లేకపోయినా గాయం త్వరగా మానదు. గుమ్మడికాయకు, చీముకు సంబంధం లేదు. అందుచేత కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, దుర్వాసన, రసి కనిపించినా, జ్వరం వచ్చినా "నిన్న వంకాయ పెట్టావు కాబట్టే" అని కోడలిని కోప్పడుతూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యం చేస్తే నష్టపోయేది రోగి.

మన గోదావరి జిల్లాల ఇళ్లలో తరతరాలుగా వండుకునే దప్పళం (కొందరు ముక్కల పులుసు అంటారు) కోలుకుంటున్నవారికి చాలావరకు మంచి ఆహారం. సంక్రాంతికీ, పెళ్లిళ్లకూ వండినట్లే వండండి. రెండు మూడు మార్పులు చాలు.

నలుగురికి గుమ్మడికాయ, ఆనపకాయ పావు కిలో చొప్పున, ఒక చిన్న చిలగడదుంప, రెండు వంకాయలు, రెండు ములక్కాడలు, నాలుగైదు బెండకాయలు, ఒక ఉల్లిపాయ, చిన్న నిమ్మకాయంత చింతపండు తీసుకోండి. ముక్కలు పెద్దవిగా తరగండి. ముందుగా ములక్కాడలు, దుంప ముక్కలు పసుపు వేసిన నీటిలో ఉడకనివ్వండి. తరువాత ఆనప, వంకాయ, ఉల్లి, చివరగా గుమ్మడి వేయాలి. ముక్క మెత్తబడిన తరువాతే చింతపండు రసం పోయండి. ముందే పోస్తే పులుపు వలన ముక్క సరిగా ఉడకదు. బెండకాయ మాత్రం పులుసుతోపాటే వేస్తే జిగురు రాదు. చెంచాడు బియ్యప్పిండి నీటిలో కలిపి పోసి, చిక్కబడ్డాక కరివేపాకు, కొద్దిగా బెల్లం వేసి దింపి, ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఇంగువలతో తాలింపు పెట్టండి. నూనె బొత్తిగా మానేయవద్దు. గుమ్మడిలోని పసుపు రంగు పదార్థమే శరీరంలో విటమిన్ 'ఎ'గా మారుతుంది, అది ఒంటబట్టాలంటే కాస్త నూనె ఉండాలి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు కాచకండి.

పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఈ పులుసులో ఒక్కొక్కరికి అందులో సగం వరకు దక్కుతుంది. అయితే కూరగాయలతో మాంసకృత్తులు చాలవు. పక్కన ముద్దపప్పు తప్పక ఉండాలి, తినేవారైతే గుడ్డు కూడా పెట్టండి.

ఇక ఉప్పు సంగతి. మన అత్తలు, అమ్మలు చేతి కొలతతో వేస్తారు. ఆ చేతి రుచిని కాదనలేం గాని, రక్తపోటు, గుండె జబ్బు ఉన్న ఇంట్లో చెంచాతో కొలవాలి. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. నలుగురి దప్పళానికి పొంగు లేకుండా ఒక చెంచాడు చాలు. పులుపు ఉంది కాబట్టి ఉప్పు తగ్గినా అంతగా తెలియదు. అసలు ప్రమాదం పక్కన నంజుకునే వాటిలో ఉంది. వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు, ఆవకాయ వేసుకుంటే మీరు గిన్నెలో తగ్గించిన ఉప్పంతా పళ్లెంలోకి తిరిగి వచ్చేస్తుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి బెల్లం మానేయండి. దుంప ముక్కలు వేస్తే ఆ మేరకు అన్నం తగ్గించండి. కడుపులో పుండు ఉన్నవారికి, పొట్ట ఆపరేషన్ అయినవారికి పులుపు, కారం ఎప్పటినుండి పెట్టవచ్చో డాక్టరు గారినే అడగండి. నమలలేని వృద్ధులకు ములక్కాడ పీచు తీసి, ముక్కలు మెదిపి పెట్టండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయం వేరు. పొటాషియం తగ్గించమని వారికి చెప్పి ఉంటే ఈ పులుసు సొంత నిర్ణయంతో పెట్టవద్దు. గుమ్మడి, చిలగడదుంప, చింతపండు అన్నింటిలోను అది ఉంటుంది. ఏ కూరగాయ ఎంత పెట్టాలో, ముక్కలు ఉడికించిన నీరు పారబోసి వండవచ్చునో ఆహార నిపుణులను అడిగి తెలుసుకోండి. సోడియం తక్కువ అంటూ బజారులో అమ్మే ఉప్పులో పొటాషియం కలిపి ఉంటుంది కనుక, డాక్టరు చెప్పనిదే వీరికి అది వాడకండి.

దప్పళం మరునాటికి ఇంకా రుచిగా ఉంటుందని మన ఇళ్లలో అంటారు, నిజమే. కాని రోగికి ఏ పూటకాపూట వండినదే పెట్టండి. మిగిలితే చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు బాగా మరిగించి వడ్డించండి. ఫ్రిజ్ లేకపోతే ఆ రోజే ఇంటిల్లిపాదీ తినేయండి.