కంటిపాప కొలత – మనసు పడే శ్రమకు ఒక గుర్తు

తలకు దెబ్బ తగిలిన రోగి కంట్లో టార్చి వేసి కంటిపాప చూడడం నర్సులందరికీ తెలిసిన పనే. అదే కంటిపాపను కొలిచి, మనిషి మనసు ఎంత శ్రమ పడుతున్నదో మనస్తత్వ శాస్త్రజ్ఞులు తెలుసుకుంటున్నారు. ఎలా కొలుస్తారో, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో ఈ పాఠంలో నేర్చుకుందాం.

కంటిపాప ఎందుకు మారుతుంది?

ఐరిస్ అనే రంగు పొర మధ్యనున్న రంధ్రమే కంటిపాప. ఐరిస్‌లోని ఒక కండరం దానిని చిన్నది చేస్తుంది. ఇది పారాసింపథెటిక్ నరాల పని. ఇంకొకటి పెద్దది చేస్తుంది. ఇది సింపథెటిక్ నరాల పని. పెద్దవారిలో పాప మంచి వెలుతురులో సుమారు 2 నుండి 4 మి.మీ., చీకటిలో 4 నుండి 8 మి.మీ. ఉంటుంది. భయం, నొప్పి, గట్టిగా ఆలోచించడం – వీటివల్ల కూడా పెద్దదవుతుంది.

పరిశోధనలు

1964లో అమెరికాలో ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ కొందరికి నోటి లెక్కలిచ్చి, వారి కళ్ళను ఫిల్ము తీసి కొలిచారు. లెక్క విన్నది మొదలు పాప మెల్లగా పెద్దదై, జవాబు చెప్పాక మామూలు స్థితికి వచ్చింది. 7×8 కంటే 16×23 చేసేటప్పుడు ఎక్కువ పెద్దదయింది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ అంకెలు వినిపించి గుర్తుంచుకోమన్నారు. అంకెలు పెరిగిన కొద్దీ పాప పెద్దదయింది. తిరిగి అప్పజెబుతుంటే తగ్గింది.

కొలిచేటప్పుడు జాగ్రత్తలు

ఆలోచన వల్ల వచ్చే మార్పు సాధారణంగా అర మిల్లీమీటరు కంటే తక్కువ. వెలుతురు వల్ల వచ్చేది దానికి ఎన్నో రెట్లు. అందుచేత:

1. గది వెలుతురు, తెర వెలుతురు మొదటి నుండి చివరి వరకు ఒకేలా ఉండాలి. తెల్లని బొమ్మ చూసి పాప చిన్నదైతే అది అయిష్టం కాదు, వెలుతురు ప్రభావం.
2. పని ఇవ్వకముందే ఒకసారి కొలిచి, తరువాతి తేడాను లెక్కించాలి.
3. చూపు ఒకేచోట నిలపాలి. దగ్గరి వస్తువును చూస్తే పాప చిన్నదవుతుంది.
4. వయసు, వాడుతున్న మందులు రాసుకోవాలి.
5. అనేకసార్లు కొలిచి సగటు తీయాలి.

నేడు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కెమెరాలు కొలుస్తాయి. మనవంటి నల్లని కళ్ళలో కూడా పాప అంచు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ కొలత ఏమి చెప్పలేదు?

ఇష్టమైనవి చూస్తే పాప పెద్దదవుతుందని, అయిష్టమైనవి చూస్తే చిన్నదవుతుందని హెస్ అన్నారు. సంతోషం కలిగించేవి, భయం కలిగించేవి రెండూ పాపను పెద్దది చేస్తాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. శ్రమ ఉన్నదని పాప చెబుతుంది. ఆ ఆలోచన ఏమిటో చెప్పదు. కళ్ళు చూసి "వీడు అబద్ధమాడుతున్నాడు" అని తేల్చడం అన్యాయం.

వార్డులో గుర్తుంచుకోండి

• మార్ఫిన్ ఇచ్చినవారిలో, కొన్ని రకాల పురుగుమందు తాగినవారిలో పాప సూదిమొనంత అవుతుంది. అట్రోపిన్ దానిని పెద్దది చేస్తుంది. చార్టులో మందు పేరు, ఇచ్చిన సమయం రాయండి.
• రెండు కళ్ళ మధ్య చిన్న తేడా ఆరోగ్యవంతుల్లో కూడా ఉండవచ్చు. చేరిన రోజు కొలతే మనకు ఆధారం.
• తలకు దెబ్బ తగిలినవారిలో ఒక పాప కొత్తగా పెద్దదైనా, వెలుతురుకు కదలకపోయినా ఆలస్యం చేయక డాక్టరును పిలవండి.

మీరే జవాబు చెప్పండి

1. పని ఇవ్వకముందు ఎందుకు కొలవాలి?
2. వెలుతురు మారితే కొలత ఎందుకు చెల్లదు?
3. అట్రోపిన్ ఇచ్చిన రోగి చార్టులో ఏమి రాయాలి?