ఎక్కడి నుంచి వచ్చిన అంకె?

పెడన

బుజ్జమ్మా,

నీ ఉత్తరం అందింది. డార్మ్‌స్టాట్‌లోని ఫెయిర్ యాక్సిలరేటర్ కేంద్రంలో కంట్రోల్ సిస్టమ్స్ బృందంలో చేరావని మీ పిన్ని వీధి వీధంతా చెప్పొచ్చింది. మీ నాన్న పైకి ఏమీ అనలేదు గానీ, అద్దకం బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ నీ సంగతే. ఇక్కడ అందరం కులాసా. కాలవకి నీళ్ళొచ్చాయి, ఊడ్పులు మొదలయ్యాయి. వేళకి తింటున్నావో లేదో ఒక్క ముక్కయినా రాయలేదేం? ఈసారి ముందు అది రాయి తల్లీ.

ఫెయిర్ మనకి పరాయిది కాదమ్మా. 2010లో దాన్ని నిలబెట్టిన దేశాల్లో మనదీ ఒకటి. అక్కడి అయస్కాంతాలకి కరెంటు అందించే పవర్ కన్వర్టర్లలో మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైనవీ ఉన్నాయి. కణాల వేగం పెంచే ఎస్‌ఐఎస్100 వలయం చుట్టుకొలత దాదాపు 1,100 మీటర్లు. దాని చుట్టూ ఉన్న పరికరాలన్నీ ఒకే లెక్కన కదలాలి. అందుకే నానోసెకను కంటే తక్కువ తేడాతో గడియారాలని కలిపే వైట్ రాబిట్ పద్ధతి మీద సెర్న్ పరిశోధన కేంద్రం వాళ్ళూ, మీ డార్మ్‌స్టాట్‌లోని జీఎస్ఐ ప్రయోగశాల వాళ్ళూ కలిసి పనిచేశారు. అయితే ఒకటి గుర్తుంచుకో. కణాల బీమ్ తిరిగేటప్పుడు సొరంగంలోకి మనిషి వెళ్ళడానికి లేదు. లోపలేం జరుగుతోందో నువ్వు చూపిస్తేనే బయటివాళ్ళకి తెలుస్తుంది.

నేను ఇండోర్‌లో పనిచేసిన రోజులు గుర్తొస్తున్నాయి. అక్కడి యాక్సిలరేటర్ వలయం ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లే. అయినా కొత్తగా చేరినవాళ్ళకి దాని కంట్రోల్ రూములో తెరల నిండా అంకెలే కనిపించేవి. మా సీనియర్ ఒకాయన వెనక నిలబడి ఒకటే ప్రశ్న అడిగేవారు: "ఇది నువ్వు పంపిన అంకా, అక్కడి నుంచి వచ్చిన అంకా?" అయస్కాంతానికి 500 ఆంపియర్లు ఇమ్మంటావు, తెర మీద 500 అని పడుతుంది. అది నీ మాటే తిరిగి నీకు వినపడటమా, అక్కడ నిజంగా కొలిచినదా? నువ్వు రాసే ప్రోగ్రాములో రెండూ పక్కపక్కన, విడివిడిగా చూపించు. కొలిచింది ఎప్పుడో కూడా చూపించు. లైను తెగిపోయినా పాత అంకె కదలకుండా అలాగే కూర్చుంటుంది, చూసేవాడు అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. అలాంటి అంకె రంగు వెంటనే మారిపోవాలి.

సెర్న్‌లో జరిగింది నీకు తెలిసే ఉంటుంది. అయినా మళ్ళీ చెబుతాను, విను. 2008 సెప్టెంబర్ 10న అక్కడి ఎల్‌హెచ్‌సీ యాక్సిలరేటర్‌లో మొదటి బీమ్ తిరిగింది. తొమ్మిది రోజులకే ఒక భాగంలో కరెంటు పెంచుతుంటే అయస్కాంతాల మధ్య అతుకు ఒకటి వేడెక్కి తెగింది. సుమారు 6 టన్నుల హీలియం బయటికి పోయింది. 53 అయస్కాంతాలని పైకి తీయాల్సి వచ్చింది. మళ్ళీ బీమ్ తిరిగేసరికి 2009 నవంబర్ అయింది. రికార్డులు తిరగేశాక బయటపడిందేమిటంటే, కొద్ది రోజుల ముందు ఇంకా తక్కువ కరెంటుతో పరీక్షించినప్పుడే అక్కడ ఉష్ణోగ్రత కాస్త పెరిగింది. ఆ అంకె కంప్యూటర్లో భద్రంగానే ఉంది. దాన్ని పట్టుకుని, ఇదిగో చూడండి అని చెప్పే ఏర్పాటు లేదు. తర్వాత ఆ అతుకుల్ని సూక్ష్మంగా కనిపెట్టి ఉండే కొత్త రక్షణ వ్యవస్థ పెట్టారు. దాచిన అంకె చాలదమ్మా, అది సమయానికి మనిషి కంట పడాలి.

కొత్త యంత్రాన్ని నడకలో పెట్టే కమిషనింగ్‌లో తొందర ఎక్కువ. ప్రమాదం రాకుండా కాపలా కాసే ఒక ఇంటర్‌లాక్ మాటిమాటికీ యంత్రాన్ని ఆపేస్తుంటుంది. "ఇవాళ్టికి దాన్ని పక్కన పెడదాం" అంటారెవరో. చిన్నదాన్నని ఊరుకోకు, ఎందుకని అడుగు. పెట్టక తప్పకపోతే ఎవరు పెట్టారో, ఎందుకో, ఎప్పటిదాకానో తెర మీద అందరికీ కనిపించాలి. గడువు దాటగానే అది దానంతటదే మళ్ళీ కాపలాకి రావాలి. మనుషుల ప్రాణాల కోసం పెట్టినవాటి జోలికి మాత్రం అసలు పోవద్దు. ఈ ఒక్కదాంట్లో నాతో వాదించకు.

మీ నాన్నని చూస్తూ పెరిగినదానివి. కొత్త అచ్చు చేతికొస్తే పాత గుడ్డ ముక్క మీద అద్ది చూడందే కరక్కాయ పెట్టిన తాను ముట్టుకోడు. బీమ్‌కీ అదే పద్ధతి. మొదట పలచగా, కొంత దూరమే పంపాలి. ఎక్కడ పడిందో చూసి, దిద్ది, ఇంకొంచెం పంపాలి. నీ ప్రోగ్రామూ అంతే. ఉత్తుత్తి పరికరం మీద నడిపి చూడకుండా అసలుదాని మీద పెట్టకు.

గట్టిగా చెప్పానని చిన్నబుచ్చుకోకు. నీ తెలివి మీద నాకు అనుమానమే లేదు. రాత్రి రెండింటికి ఆ తెర ముందు కూర్చున్న ఆపరేటరుకి నువ్వెవరో తెలియదు. నువ్వు చూపించిన అంకెని నమ్మి బటన్ నొక్కుతాడు. ఆ నమ్మకం నిలబెట్టడమే నీ ఉద్యోగమని నా ఉద్దేశం.

మొదటి షిఫ్టు అయ్యాక వివరంగా రాయి. నీకు అర్థం కాని అంకె ఏదైనా ఉంటే సిగ్గుపడకుండా మీ వాళ్ళని అడుగు. ఆ తర్వాత నాకూ రాయి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి