తునికాకు లెక్కలో ‘బ్యాగు’ అంటే ఎంత? కూలి ఎలా చూసుకోవాలి?

ఎండలు ముదిరితే భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవి పక్క ఊళ్లలో తునికాకు పని మొదలవుతుంది. ఆకు కోసేవాళ్ల లెక్క కట్టల్లో, అధికారుల లెక్క ‘స్టాండర్డ్ బ్యాగు’ల్లో నడుస్తుంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చడం వస్తే మీ కూలి మీరే చూసుకోవచ్చు.

1. సంచిని, లెక్కను వేరుచేయండి. ఎండిన ఆకు నింపే గోనెసంచినీ బ్యాగనే అంటారు. లెక్కలో మాత్రం బ్యాగంటే ఇన్ని కట్టలని అర్థం. పచ్చాకు ఎండితే తూకం తగ్గుతుంది, కట్టలు తగ్గవు. అందుకే తూకంతో పనిలేదు.

2. కొలత గుర్తుపెట్టుకోండి. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే బ్యాగుకు 50,000 ఆకులు.

3. ఏ రోజుది ఆ రోజే రాయించుకోండి. చిరిగిన ఆకులు ఇంటి దగ్గరే ఏరేసి కట్ట కట్టండి. కల్లంలో, అంటే ఆకు అప్పగించే చోట, కట్టలు తీసుకునే కల్లేదారు లెక్కపెట్టేటప్పుడు పక్కనే ఉండండి. మీ కట్టల లెక్క రాసే కార్డులో అంకె పడ్డాకే కల్లం నుంచి కదలండి.

4. మొత్తాన్ని 1000తో భాగించండి. రోజుకు 180 కట్టల చొప్పున 12 రోజులు ఇస్తే 2,160 కట్టలు, అంటే 2.160 బ్యాగులు. చుక్కకు ముందున్నవి నిండు బ్యాగులు, తర్వాతవి మిగిలిన కట్టలు. చుక్క తర్వాత మూడు అంకెలూ తప్పకుండా రాయండి. 45 కట్టలంటే 0.045. దాన్ని 0.45 అని రాస్తే 450 కట్టలైపోతాయి.

5. డబ్బును రెండు దారుల్లో సరిచూడండి. ధర ఏటా మారవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. కట్టకు 3 రూపాయలనుకుంటే 2,160 కట్టలకు 6,480 రూపాయలు. బ్యాగు ధర 3,000 అవుతుంది కాబట్టి 2.160తో హెచ్చవేసినా అంతే రావాలి.

6. కార్డు భద్రంగా దాచండి. సీజన్ అయ్యాక ఖర్చులు పోను మిగిలిన ఆదాయాన్ని సేకరించినవాళ్లకు బోనస్‌గా పంచే పద్ధతి ఉంది. దానికీ మీరిచ్చిన కట్టలే ఆధారం.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిని సేకరించి అమ్ముకునే హక్కు అడవిని నమ్ముకున్నవాళ్లకు ఇచ్చింది. కాబట్టి లెక్క తేడా వస్తే మొహమాటపడకండి. కార్డు చూపించి ఆ రోజే అడగండి. చదువుకునే పిల్లలుంటే వాళ్లచేత ఒకసారి లెక్క వేయించండి.