ఏయూలో సీటు సరే, ఏ శాఖలో?

డిగ్రీ చివరి పరీక్షలు దగ్గరపడేసరికి ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఇళ్ళలో ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది: ఆంధ్రా యూనివర్సిటీ మంచిదేనా? అడగడంలో తప్పులేదు. కానీ దానికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు తీసుకుని సీటు ఖాయం చేసుకున్నా, వదులుకున్నా విద్యార్థికి నష్టం జరగొచ్చు. 2023లో విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఈ విశ్వవిద్యాలయానికి 4 పాయింట్లకు 3.74 వేసి ఏ డబుల్ ప్లస్ గ్రేడ్ ఇచ్చింది. అప్పట్లో న్యాక్ ఇచ్చే గ్రేడుల్లో అంతకు మించినది లేదు. అయితే అది మొత్తం సంస్థకు వచ్చిన గ్రేడ్. ఆ సంస్థలో తెలుగు శాఖ ఉంది, నౌకా నిర్మాణం నేర్పే శాఖ ఉంది, న్యాయ కళాశాల ఉంది, అణు భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉంది. విద్యార్థి చేరేది వీటిలో ఒక్కదానిలో. రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోగలిగేదీ అక్కడ నేర్చుకున్నదే. అందుకని నూరేళ్ళ ప్రాంతీయ ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని బేరీజు వేసేటప్పుడు ముందుగా చూడాల్సింది, ఆ ఊరి వల్ల, ఆ తీరం వల్ల, ఆ నేల వల్ల అక్కడ వేళ్ళూనుకున్న శాఖలేవో. ఏయూలో అవి భూమి, సముద్రం, వాతావరణం గురించి చెప్పే శాఖలు. మన విద్యార్థుల్లో ఎక్కువమంది ఆప్షన్ల జాబితాలో వాటిని చివరికి నెట్టేయడం నాకు బాధ కలిగించే విషయం.

ఆ శాఖలు అక్కడే ఎందుకు పెరిగాయో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల కోసం 1926లో ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. మొదట బెజవాడలో ఉండి, 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. కళాశాలలకు గుర్తింపునిచ్చి పరీక్షలు పెట్టడంతో మొదలైన సంస్థ, 1931 నుంచి 1936 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలంలో సొంతంగా బోధన చేపట్టింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళాలతో సైన్సు విభాగాలు నిలదొక్కుకున్నాయి, సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. 1933లోనే కెమికల్ టెక్నాలజీ నేర్పడం మొదలైంది. మొక్కల్లోని వర్ణద్రవ్యాల మీద పరిశోధనతో తర్వాత రాయల్ సొసైటీ ఫెలో అయిన టి.ఆర్. శేషాద్రి ఇక్కడి రసాయనశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ వచ్చి భూగర్భశాస్త్రాన్ని గట్టిపరిచారు. 1940ల్లో ఆయన పరిశీలించిన వాటిలో విశాఖ తీరపు ఇసుకలోని మోనజైట్ ఒకటి. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వచ్చి ఇక్కడి వారితో కలిసి బంగాళాఖాతం నీటిని పద్ధతిగా అధ్యయనం చేశారు. భీమవరం ప్రాంతంలోని గొరగనమూడిలో పుట్టి, సన్యాసం తీసుకుని, యూరప్ వెళ్ళి భౌతికశాస్త్రం చదివొచ్చిన స్వామి జ్ఞానానంద అణు భౌతికశాస్త్ర శాఖకు ప్రాణం పోశారు. ఈ పేర్లన్నీ గొప్పలకోసం చెప్పడం లేదు. కంప్యూటర్ సైన్సు శాఖను ఏ ఊళ్ళోనైనా, నాలుగు గదులు కట్టి రెండేళ్ళలో తెరవొచ్చు. సముద్రశాస్త్ర శాఖకు సముద్రం కావాలి, దశాబ్దాల పరిశీలనలు కావాలి, ఆ పరిశీలనలు చేసిన గురువుల దగ్గర తర్ఫీదైన మరో రెండు తరాలు కావాలి. అలాంటివి డబ్బు పెట్టి అప్పటికప్పుడు తెచ్చుకోగలిగేవి కావు.

ఇక ఉద్యోగాల సంగతి. జియాలజీ, జియోఫిజిక్స్, మెటియోరాలజీ, ఓషనోగ్రఫీ, మెరైన్ లివింగ్ రిసోర్సెస్ అనే పేర్లు వినగానే ఇంట్లోవాళ్ళు వీటికి ఉద్యోగాలెక్కడున్నాయని అడుగుతారు. చిత్రమేమిటంటే, ఈ విషయాలు చదివినవాళ్ళను తీసుకునే జాతీయ సంస్థల్లో కొన్ని ముఖ్యమైనవి తెలుగు నేల మీదే ఉన్నాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి హైదరాబాద్‌లో ఉంది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు సూచించేదీ, సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అయిన ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. యురేనియం వంటి అణు ఖనిజాల కోసం దేశమంతా వెతికే ఏఎండీ ప్రధాన కార్యాలయం, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా అక్కడే. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం, జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు తీసే ఓఎన్‌జీసీకి రాజమండ్రి పెద్ద స్థావరం. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం, 1977 దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబర్ 12న విశాఖ మీదే విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను చూసిన రాష్ట్రానికి వాతావరణం, సముద్రం తెలిసినవాళ్ళ అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఈ కొలువుల్లోకి వెళ్ళే దారి కూడా స్పష్టంగానే ఉంది. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టుగా, జియోఫిజిసిస్టుగా, కెమిస్టుగా, లేదా కేంద్ర భూగర్భజల మండలిలో సైంటిస్టుగా చేరవచ్చు. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపర్ ఉంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఉన్న అయిదు విభాగాల్లో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలది ఒకటి. అందులో జేఆర్‌ఎఫ్ వస్తే మొదట నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ప్రభుత్వ కొలువుల సంఖ్య తక్కువ, పైగా ఏడాదికోలా ఉంటుంది. 2023 జియో-సైంటిస్ట్ ప్రకటనలో 285 పోస్టులు చూపారు, 2024లో 56కి పడిపోయాయి. దేశమంతటికీ కలిపి 56 అంటే, ఒక్క పరీక్షను నమ్ముకుని కూర్చోవడం ప్రమాదమే. ఆ మాట దాచిపెట్టి ఈ శాఖల్లో చేరమని చెప్పడం అన్యాయం. అయితే రెండు సంగతులు దీనితో పాటే ఆలోచించాలి. పోస్టులు తక్కువైనట్టే, వాటికి అర్హత ఉన్నవాళ్ళూ తక్కువ. ఏ డిగ్రీ అయినా చాలనే గ్రూప్స్, బ్యాంకు పరీక్షల్లో పోటీపడే జనంతో దీన్ని పోల్చి చూడండి. రెండోది, జియోఫిజిక్స్ విద్యార్థి చేసే రోజువారీ పని అసలు ఏమిటన్నది. భూకంప తరంగాల సంకేతాల్లోంచి రొద తీసేసి, లెక్కగట్టి, భూమి లోపలి పొరల బొమ్మ గీస్తాడు. ఓషనోగ్రఫీ విద్యార్థి ఉపగ్రహాలు పంపిన సముద్ర ఉష్ణోగ్రతల మీద గణాంక పద్ధతులు ప్రయోగిస్తాడు. ఈ పనులు కంప్యూటర్ లేకుండా సాగవు. పైథాన్, జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ శ్రద్ధగా నేర్చుకుంటే మ్యాపింగ్ సంస్థలు, చమురు సర్వే సంస్థలు, వాతావరణ సమాచారం అమ్మే సంస్థల తలుపులు కూడా తెరుచుకుంటాయి. ఇక్కడ షరతు ఒకటి ఉంది: వాటిని సిలబస్ నేర్పుతుందని ఎదురుచూడకుండా మొదటి సెమిస్టర్ నుంచే సొంతంగా మొదలుపెట్టాలి. అలా చేయలేనివారికి ఈ దారి నేను సూచించను.

ఇంజినీరింగ్‌లోనూ నా వాదన ఇదే. నేవల్ ఆర్కిటెక్చర్, మెరైన్ ఇంజినీరింగ్ నేర్పే సంస్థలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏయూ ఇంజినీరింగ్ కళాశాల వాటిలో ఒకటి. అదే ఊళ్ళో హిందుస్థాన్ షిప్‌యార్డ్, తూర్పు నౌకాదళం, 1969 నుంచి నౌకాదళానికి ఆయుధ పరిజ్ఞానం తయారుచేస్తున్న ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నాయి. 2022 నుంచి గేట్‌లోనూ ఈ విషయానికి విడిగా పేపర్ పెట్టారు. కెమికల్ ఇంజినీరింగ్‌కు రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, ఫార్మసీకి పరవాడ ఫార్మా సిటీ దగ్గర్లోనే ఉన్నాయి. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి కంప్యూటర్ సైన్సే చదవాలనుకునే విద్యార్థికి ఏయూ అనేక మంచి ఎంపికల్లో ఒకటి, అంతే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అధ్యాపకులది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటున్నాయి. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కాంట్రాక్టు అధ్యాపకులు, గెస్ట్ ఫ్యాకల్టీ పాఠాలు చెబుతున్నారు. చెప్పేవారి శ్రద్ధలో లోపం లేకపోవచ్చు. కానీ పరిశోధన ప్రాజెక్టు తెచ్చుకోవడానికి, పరికరాలు కొనడానికి, విద్యార్థిని అయిదేళ్ళపాటు పీహెచ్‌డీలో నడిపించడానికి స్థిరమైన ఉద్యోగం ఉన్న ఆచార్యుడు కావాలి. శేషాద్రి, మహదేవన్‌ల పేర్లు గోడమీద ఉన్నంత మాత్రాన నేటి విద్యార్థికి స్పెక్ట్రోమీటర్ దొరకదు. ఈ విమర్శ నిజం, దీన్ని సరిచేయాల్సింది ప్రభుత్వమే. కానీ ఈ విమర్శే శాఖను చూసి ఎంచుకోవాలన్న మాటను ఇంకా బలపరుస్తుంది. ఖాళీలు అన్ని శాఖల్లో ఒకేలా ఉండవు. ఒక శాఖలో ఆరుగురు ఆచార్యులుంటే, పక్క శాఖలో ఒక్కరే మిగిలి ఉండొచ్చు. కౌన్సెలింగ్‌కు ముందు శాఖ వెబ్‌పేజీలో శాశ్వత అధ్యాపకులు ఎందరో లెక్కపెట్టండి. గత మూడేళ్ళలో వాళ్ళు ఏ పత్రికల్లో ఏం రాశారో గూగుల్ స్కాలర్‌లో చూడండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థ ఇచ్చిన వివరాల్లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతమెంత అన్నవి ఉంటాయి, చదవండి. అన్నిటికీ మించి, ప్రస్తుతం రెండో ఏడాది చదువుతున్నవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: మీ సీనియర్లు చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేశారు? ఎన్‌జీఆర్‌ఐ, ఇన్‌కాయిస్, ఎన్‌ఐఓ, ఎన్‌ఆర్‌ఎస్‌సీ పేర్లు వరసగా వినిపిస్తే ఆ శాఖకు బయటి ప్రయోగశాలలతో సంబంధం బతికే ఉందన్నమాట. సొంత పరికరాల కొరతను ఆ సంబంధం చాలావరకు పూడుస్తుంది.

ఆర్ట్స్, సామాజిక శాస్త్రాల విషయం క్లుప్తంగా. అర్థశాస్త్రం చదివేవారికి ఇక్కడి వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రం, జనాభా పరిశోధన కేంద్రం క్షేత్రస్థాయి సర్వేలు ఎలా జరుగుతాయో చూసే అవకాశమిస్తాయి. న్యాయ కళాశాలలో లాసెట్ ద్వారా చేరవచ్చు. యూజీసీ నెట్ రాసి డిగ్రీ కళాశాల అధ్యాపకులు కావాలనుకునే తెలుగు, చరిత్ర విద్యార్థులకు విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఒక్కటే చాలు, వాల్తేరు రావడానికి. దూరవిద్య 1972 నుంచి ఉంది. ఉద్యోగం చేస్తూ అర్హత పెంచుకునేవారికి అది పనికొస్తుంది. చేరే ముందు ఆ ఏడాదికి, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. పూర్తికాలం చదవగలిగే వయసులో ఉండి సైన్సు పీజీ దూరవిద్యలో చేయడం మాత్రం నా లెక్కలో నష్టమే.

ప్రవేశాల తీరు తెలియక సీట్లు పోగొట్టుకునేవారూ ఉన్నారు. ఎంఏ, ఎంకాం, ఎంఎస్సీ సీట్లకు ఏపీ పీజీసెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్, ఎంటెక్‌కు గేట్ లేదా పీజీఈసెట్, పీహెచ్‌డీకి ఆర్‌సెట్. పీజీసెట్‌లో ఫిజికల్ సైన్సెస్ పేపర్ ఒక్కటి రాస్తే భౌతికశాస్త్రంతో పాటు దానికి చుట్టాలైన శాఖలకూ ఆప్షన్లు పెట్టుకోవచ్చన్న సంగతి చాలామంది గమనించరు. దరఖాస్తులో కనిపించే ‘ఏయూ ఏరియా’ అంటే శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఉన్న ఎనిమిది ఉమ్మడి జిల్లాలు. 85 శాతం సీట్లు ఆ స్థానికులకే. కాబట్టి ఒంగోలు విద్యార్థి కూడా విశాఖలో స్థానికుడే. ఒకే శాఖలో రెగ్యులర్ సీటుకూ, సెల్ఫ్ సపోర్టింగ్ సీటుకూ ఫీజులో పెద్ద తేడా ఉంటుంది, ఆప్షన్ పెట్టేటప్పుడు అది ఏ రకం సీటో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు, డిగ్రీలో చేరేటప్పుడే జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. పాత ఎంపీసీ డిగ్రీలో లెక్కలు, భౌతికశాస్త్రం రెండూ చదివేవారు, జియోఫిజిక్స్‌కు, మెటియోరాలజీకి ఆ అర్హత సహజంగానే దక్కేది. 2023-24లో ఒకే మేజర్ పద్ధతి వచ్చాక కంప్యూటర్ సైన్సు మేజర్, దానికి సంబంధంలేని మైనర్ తీసుకున్న విద్యార్థికి ఈ తలుపులు తెలియకుండానే మూసుకుపోతాయి. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి డిగ్రీకి వెళుతున్నవారు భౌతికశాస్త్రం మేజర్‌గా, లెక్కలు మైనర్‌గా తీసుకుంటే మూడేళ్ళ తర్వాత ఎంపిక వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఇప్పటికే వేరే మేజర్‌లో ఉన్నవారు ఈ ఏడాది పీజీసెట్ సమాచార పుస్తకంలో ఒక్కో కోర్సు ఎదురుగా రాసిన అర్హతలు చదివి, ఇంకా మైనర్ మార్చుకునే వీలుందేమో తమ కళాశాల ప్రిన్సిపాల్‌ను ఈ సెమిస్టర్‌లోనే అడగాలి.