భూకంపంలో నేల ఎందుకు ద్రవంలా మారుతుంది?

నీటితో నిండిన వదులు ఇసుక నేల భూకంపం వచ్చినప్పుడు కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీన్నే నేల ద్రవీకరణ అంటారు. కుదుపులకు ఇసుక రేణువులు దగ్గరకు జరగబోతాయి. మధ్యనున్న నీటికి బయటికి పోయే వ్యవధి ఉండదు, దాని పీడనం పెరుగుతుంది. రేణువుల పట్టు సడలి భవనాలు కుంగుతాయి, ఒరుగుతాయి. 1934 భూకంపంలో ఉత్తర బీహార్‌లో జరిగింది ఇదే.

తెలుగు రైల్వే కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఖరగ్‌పూర్ చాలావరకు గట్టి ఎర్ర లేటరైట్ నేల మీద ఉంది. ఊరికి ఉత్తరాన కంసావతి నది ఒడ్డున మాత్రం ఇసుక, ఒండ్రు. కాబట్టి ఒకే భూకంపం రెండు చోట్లా ఒకే ముప్పు తేదు.

మరి ముప్పును కొలిచేదెలా? బోరు తవ్వి, అడుగున ఒక గొట్టం పెట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ దిగగొడతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. దెబ్బలు తక్కువైతే ఇసుక వదులుగా ఉన్నట్టే. ఈ లెక్కతో నేల తట్టుకోగల ఒత్తిడిని అంచనా వేసి, భూకంపం కలిగించే ఒత్తిడితో భాగిస్తారు. ఫలితం 1 కన్నా తగ్గితే ముప్పు ఉన్నట్టు. 1971లో సీడ్, ఇడ్రిస్ చూపిన బాట ఇది.

ముప్పు ముందే తెలిస్తే ఇసుకను దట్టించవచ్చు, లేదా పునాదిని లోతున ఉన్న గట్టి పొర దాకా దించవచ్చు. కట్టాక ఈ పని చేయడం చాలా కష్టం.