నన్ను దాటుకుని అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తాడు

మేడమ్,

మాది కావలి దగ్గర, తుమ్మలపెంట వైపు పల్లె. రొయ్యల గుంటల్లో నష్టమొచ్చి అప్పులపాలైతే, ఇంటిపని వీసా మీద నేను కువైట్ పోయాను. అప్పటికి బాబుకి ఏడాదిన్నర. చూస్తే ఏడుస్తాడని, వాడు నిద్రలో ఉండగానే తెల్లవారుజామున నన్ను బయల్దేరదీశారు. మా అమ్మే పెంచింది. మధ్యలో ఒక్కసారి వచ్చి నెల రోజులుండి పోయాను. తీరిక దొరికినప్పుడల్లా ఇమో వీడియో కాల్‌లో చూసుకునేదాన్ని. ఈ వేసవిలో పూర్తిగా వచ్చేశాను. ఇప్పుడు వాడికి ఆరేళ్లు.

మా అమ్మని ‘అమ్మా’ అంటాడు, నన్ను ‘కువైట్ అమ్మ’ అంటాడు. నేను తెచ్చిన రిమోటు కారుతో ఆడుకుంటాడు, రాత్రయితే అమ్మమ్మ కొంగు వేలికి చుట్టుకుని పడుకుంటాడు. మొన్న సైకిలు మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. వాకిట్లో ఉన్నది నేనే. నన్ను దాటుకుని వంటింట్లో ఉన్న మా అమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మా ఆయనా, ఆడబిడ్డా ఒకటే మాట: “మీ అమ్మని ఒంగోలు మీ అన్న దగ్గరికి పంపెయ్, నెలలో వాడే దారికొస్తాడు” అని. మొదటి మూడేళ్లు తల్లి దగ్గర లేకపోతే పిల్లలు పెద్దయ్యాక పెళ్లాం బిడ్డల్ని కూడా ప్రేమించలేరని ఫోన్లో ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? నాకు నిద్ర పట్టడం లేదు.

– ఒక తల్లి, కావలి

అమ్మా,

ముందు ఒంగోలు సంగతి తేల్చేద్దాం. మీ అమ్మగారిని పంపొద్దు. మీరు కువైట్ వెళ్లినప్పుడు వాడికి ఒకసారి అమ్మ దూరమైంది. ఆమెను బస్సెక్కిస్తే రెండోసారి దూరమవుతుంది. ఈసారి ఎవరి వల్లో కూడా వాడికి తెలుస్తుంది.

మోకాలి సంగతి మీకు కడుపుకోతే, కాదనను. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ధైర్యమిచ్చింది అదే. దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో వాడికి తెలుసు. ఎవరి దగ్గరికీ పోకుండా రక్తం తుడుచుకుని ఊరుకునే పిల్లాడైతే నేను భయపడేదాన్ని.

ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ 1969లో ఒక సినిమా తీశారు. జాన్ అనే పదిహేడు నెలల బిడ్డ, తల్లి పురుటికి వెళితే తొమ్మిది రోజులు శిశుగృహంలో ఉన్నాడు. ఆయాలు డ్యూటీలు మారుతూ ఉండేవాళ్లు. ఒక్కొక్కరినీ పట్టుకుని చూశాడు, ఎవరూ వాడికి నిలవలేదు. చివరికి తల్లి వస్తే ఆమె దగ్గరికి పోనని గింజుకుని ఏడ్చాడు. ఆ దంపతులే ఇంకొందరు పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని, ఒక్క మనిషే చూసుకునే ఏర్పాటు చేశారు. వాళ్లూ దిగులుపడ్డారుగానీ జాన్‌లా చెదిరిపోలేదు. అక్కడ జాయిస్ చేసిన పనే మీ ఇంట్లో మీ అమ్మగారు ఇన్నేళ్లు చేశారు. ఒకరిని నమ్మడం తెలిసిన బిడ్డ రెండోవారినీ నమ్మగలడు.

ఇక ఆ వీడియో. అలాంటి మాటల వెనక ఉన్నది పాత పరిశోధనే. తల్లీబిడ్డల బంధం గురించి జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు రాసిన నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అచ్చు వేసింది. అందులోని విషయం గట్టిదే. దాన్ని జాతకంలా చెప్పడమే తప్పు. 1975లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలుపెట్టి, పేద తల్లుల బిడ్డల్ని పెద్దవాళ్లయ్యేదాకా గమనించారు. తొలినాళ్ల బంధం ముద్ర నిలుస్తుంది, ఆ తర్వాత దొరికే మనుషులూ ఆ ముద్రను మారుస్తారు అన్నది అక్కడ తేలిన విషయం. రుమేనియా అనాథాశ్రమాల్లో పిల్లలు బాగా దెబ్బతిన్నారు, నిజమే. అక్కడ ఎత్తుకుని లాలించే సొంత మనిషే లేదు. మీవాడికి కొంగు ఉంది.

అలాగని ఏమీ కాలేదని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. నిద్రలేచేసరికి అమ్మ లేకపోవడం ఏడాదిన్నర బిడ్డకు చిన్న విషయం కాదు. మాటల్లో గుర్తుండదు, మనుషుల పట్ల ఒక జాగ్రత్తలా మిగులుతుంది. ఇలాంటి పిల్లల్లో కొందరు పెద్దయ్యాక, భార్య రెండ్రోజులు పుట్టింటికి వెళ్లొస్తే మొహం తిప్పుకుంటారు, ఎందుకో వాళ్లకే తెలియదు. ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలి పద్ధతిలో ఏడాది పిల్లల్ని చూసినప్పుడు, తల్లి బయటికి వెళ్లొచ్చినా పట్టనట్టు బొమ్మలవైపు తిరిగేవాళ్లు కొందరు కనిపించారు. తర్వాత వాళ్ల గుండె వేగం కొలిస్తే పెరిగే ఉంది. మీవాడు రిమోటు కారుతో ఆడుకుంటున్నప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

చేయాల్సిన పని చిన్నది, విసుగు పుట్టించేది. రోజూ ఒక్క పని పూర్తిగా మీది చేసుకోండి. స్నానమో, బడికి దింపడమో. మొదట్లో మీ అమ్మగారు పక్కనే ఉండాలి. పడక ముగ్గురిదీ ఒకేచోట వేసుకోండి, వాడు ఎటు తిరిగి పడుకున్నా సరే. ‘కువైట్ అమ్మ’ అంటే సరిదిద్దొద్దు. కావలి బజారుకి వెళ్లినా చెప్పి వెళ్లండి, వస్తానన్న వేళకు రండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ తెల్లవారుజాము సంగతి వాడికి చెప్పండి: “అప్పు తీర్చడానికి పోయాను, నీకు చెప్పకుండా పోయాను, అది నీకు కష్టమైంది” అని. సాకులు కలపొద్దు. కొన్నాళ్లకు మీ మీద అరుస్తాడు, చీటికీమాటికీ ఏడుస్తాడు. అప్పుడు మీ ఆడబిడ్డ వాడు చెడిపోయాడంటుంది. మీరు మాత్రం దగ్గరవుతున్నాడని లెక్కేసుకోండి.

ఒక మాట మీవారికి. గల్ఫ్ నుంచి వచ్చిన తండ్రుల్ని ‘బిడ్డ దూరమయ్యాడే’ అని ఎవరూ నిలదీయరు. గుంటల అప్పు ఈమె చాకిరీతో తీరింది. నెలలో దారికి రావాలని గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు, దీనికి ఏడాది పట్టినా పట్టొచ్చు.

మీ నిద్ర గురించి: రెండు మూడు వారాల్లో తేలిక పడకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. బాబు గురించీ అక్కడే అడగొచ్చు.