కోడిపిల్లలలో అసంక్రామ్యతా సహనం

తన పదార్థమేదో, పరాయి పదార్థమేదో గుర్తించే శక్తి కోడి దేహానికి ఉన్నది. ఎదిగిన కోడికి ఆవు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీనును సూది ద్వారా ఎక్కించినచో, ఒకటి రెండు వారాలలో దాని రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. అదే ప్రోటీనును గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్లకు పెద్ద మోతాదులో ఇచ్చి, అది పెరిగిన పిమ్మట తిరిగి ఇచ్చినచో, ప్రతిరక్షకాలు స్వల్పంగా పుడతాయి, లేదా అసలే పుట్టవు. సంబంధం లేని వేరొక ప్రోటీనుకు మాత్రం యథాప్రకారం పుడతాయి. అనగా పిల్ల రక్షణశక్తి నశించలేదు. ఆ ఒక్క పదార్థాన్ని మాత్రమే తనదిగా ఎంచినది. దీనినే అసంక్రామ్యతా సహనం అంటారు.

1945లో అమెరికా శాస్త్రజ్ఞుడు రే ఓవెన్, గర్భంలో రక్తనాళాలు కలిసిన కవల దూడలు పెరిగిన తరువాత కూడ ఒకదాని రక్తకణాలను మరొకటి సహిస్తున్నట్లు కనుగొన్నాడు. దీని ఆధారంగా బర్నెట్, ఫెన్నర్ అనువారు 1949లో, పిండదశలో పరిచయమైన పదార్థాన్ని దేహం తనదిగా భావిస్తుందని ఊహించారు. 1953లో మెదవార్ బృందం లండన్‌లో ఎలుకలపైన, మిలాన్ హాషెక్ ప్రేగ్‌లో కోడిపిండాలపైన దీనిని నిరూపించారు. హాషెక్ రెండు గుడ్లలోని పిండాల రక్తప్రసరణను కలిపాడు. ఆ పిల్లలు పెరిగిన తరువాత ఒకదాని రక్తకణాలపై మరొకటి ప్రతిరక్షకాలను పుట్టించలేదు. బర్నెట్, మెదవార్‌లకు 1960లో నోబెల్ బహుమతి లభించినది.

దీనికి కారణమేమి? పక్షులలో ప్రతిరక్షకాలనిచ్చే బి-లింఫోసైట్లు, తోక మూలం వద్దనున్న ఫాబ్రీషియస్ సంచిలో పరిపక్వమవుతాయి. పరిపక్వం కాని కణం తనకు సరిపడిన పదార్థాన్ని సమృద్ధిగా ఎదుర్కొన్నచో నశిస్తుంది, లేదా నిష్క్రియమవుతుంది. అయితే ఈ సహనం శాశ్వతం కాదు. ప్రోటీను క్రమంగా క్షయించగా, కొత్త కణాలు దానిని పరాయిదిగానే గుర్తిస్తాయి. మరల మరల ఇచ్చిననే సహనం నిలుస్తుంది.

ఇచ్చట విద్యార్థికి ఒక సందేహం కలుగక మానదు. ఒకరోజు పిల్లలకు మారెక్ వ్యాధి టీకా, నవజాత శిశువులకు బి.సి.జి. టీకా వేస్తున్నాము గదా, అవి సహనాన్ని కలిగించి రక్షణకు భంగం కలిగించవా? కలిగించవు. ఈ టీకాలలోనివి సజీవ సూక్ష్మజీవులు. అవి దేహంలో వృద్ధిచెంది రక్షణకణాలను మేల్కొలుపుతాయి. కరిగిన ప్రోటీను అట్లు మేల్కొలుపదు. నవజాత ఎలుకలు సైతం మోతాదును, పదార్థం అందిన విధానాన్ని బట్టి ప్రతిఘటిస్తాయని 1996లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి.

కావున వయస్సు ఒక్కటే నిర్ణాయకం కాదు. పదార్థమెంత, ఏ రూపంలో, ఎంతకాలం దేహంలో ఉన్నదనునవి కూడ ముఖ్యమే. సహనమనగా బలహీనత అని విద్యార్థులు భావింపరాదు. అది దేహం బాల్యంలో నేర్చిన పాఠం.